లాభం ఎక్కడుందో అడగండి



ఈ సభలో షేర్లున్నవారు చాలామందే ఉంటారు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో కొంత మార్కెట్లో పెట్టినవారు, నాన్నగారి కాలంలో కొన్న షేర్లు పేరు మార్పించుకుని దాచుకున్నవారు కూడా ఉంటారు. కంపెనీ వార్షిక నివేదిక వస్తే మనలో ఎక్కువమంది చూసేది నికర లాభం ఒక్కటే. పోయినేటి కంటే పెరిగితే సంతోషిస్తాం, తగ్గితే దిగులు పడతాం, నివేదిక మూసేస్తాం. ఆ అంకె లెక్కలన్నీ అయ్యాక చిట్టచివర తేలేది. దాని వెనక ఎన్నో అంచనాలుంటాయి. దాన్ని ఒంటరిగా చూసి నమ్మవద్దని చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ముందు రాబడి సంగతి. మన చెన్నై షావుకారుపేటలో ఒక బట్టల వ్యాపారి మార్చి 25న లక్ష రూపాయల సరుకు అరువు మీద పంపాడనుకుందాం. డబ్బు మే నెలలో వస్తుంది. ఆ లక్ష ఏ సంవత్సరం రాబడి? మార్చితో ముగిసిన సంవత్సరానిదే. సరుకు చేతులు మారింది, బిల్లు వేశారు, కాబట్టి రాబడి వచ్చినట్టే లెక్క. సరుకు ఖరీదు డెబ్బై వేలైతే ముప్పై వేలు లాభం రాసుకుంటాడు. గల్లాపెట్టెలోకి మాత్రం ఒక్క రూపాయీ రాలేదు. ఆ లక్షను ఆస్తి అప్పుల పట్టికలో రావలసిన బాకీల కింద చూపిస్తాడు. ఇందులో మోసమేమీ లేదు. ఏ ఏడాది శ్రమను ఆ ఏడాదికే కట్టాలన్న నియమం ఇది. ఖర్చులకూ అంతే. మార్చి కరెంటు బిల్లు ఏప్రిల్లో కట్టినా అది మార్చి ఖర్చే.

యంత్రం కొంటే ఇంకో పద్ధతి. పది లక్షలు పెట్టి కొన్న యంత్రం పదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి లక్ష చొప్పున తరుగుదల రాస్తారు. ఆ పదేళ్లన్నది అంచనా. చట్టం ఒక ఆయుష్షు సూచిస్తుంది, యాజమాన్యం తగిన కారణం చూపి మార్చుకోవచ్చు. పదేళ్లను పదిహేనేళ్లు చేస్తే ఏటా రాసే తరుగుదల మూడో వంతు తగ్గుతుంది, లాభం ఆ మేరకు పెరుగుతుంది. కార్ఖానాలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ఇక కంటికి కనబడని పేరు సంగతి. మన ఊరి కంపెనీనే తీసుకుందాం. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తర్వాత అది మద్రాసుకు తరలివచ్చింది, 1936లో పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. పంతులుగారు సంగీత సభల్లో అమృతాంజనం ఉచితంగా పంచేవారని పెద్దలు చెబుతారు. పంచిన ఆ సీసాల ఖరీదు లెక్కల్లో ఏమవుతుంది? ఆ ఏడాది ఖర్చైపోతుంది. ఆ పంపకం వల్ల ఇంటింటా నాటుకున్న పేరు వందేళ్లకు పైగా కంపెనీని పోషించింది. అయినా సొంతంగా సంపాదించుకున్న పేరును ఆస్తిగా చూపించడానికి నేటి అకౌంటింగ్ ప్రమాణాలు ఒప్పుకోవు. వేరే కంపెనీ ఎప్పుడైనా ఆ బ్రాండును డబ్బిచ్చి కొంటే, కొన్నవాళ్ల పుస్తకాల్లో అది ఆస్తి అవుతుంది. ఇది అన్యాయమని కొందరంటారు, నేను ఒప్పుకోను. తన పేరుకు తానే విలువ కట్టుకోనిస్తే ఏ కంపెనీ తక్కువ కట్టుకుంటుంది? అందుకే ప్రకటనల ఖర్చు ఒక ఏడాది బాగా పెరిగి లాభం తగ్గితే వెంటనే కంగారు పడకండి. ఆ ఖర్చును ఉన్నట్టుండి కోసేసి లాభం పెంచి చూపిస్తే అప్పుడు అనుమానించండి.

లాభనష్టాల పట్టిక వరుస తేలికే. పైన వ్యాపార రాబడి, దాని కింద ఇతర ఆదాయం. తర్వాత ముడిసరుకు, సరుకు నిల్వల్లో హెచ్చుతగ్గులు, జీతభత్యాలు, వడ్డీ, తరుగుదల, ఇతర ఖర్చులు. అసాధారణ పద్దులుంటే విడిగా. ఆపైన పన్ను, చివర నికర లాభం. స్థలం అమ్మగా వచ్చిన డబ్బుతో లాభం పెరిగిందా, సరుకు అమ్మి పెరిగిందా అన్నది ఈ వరుసలోనే తెలిసిపోతుంది. స్థలం రెండోసారి అమ్మలేరు కదా!

ఇక తెలుగువాళ్లం మరిచిపోకూడని లెక్కకు వస్తాను. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ డైరెక్టర్ల బోర్డుకు రాసిన ఉత్తరం బయటికి వచ్చింది. అందులోని ఒక్క త్రైమాసికం అంకెలు చూడండి. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ప్రకటించిన రాబడి 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు. అసలు రాబడి 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు. కాగితం తీసుకుని తీసివేతలు చేయండి. 2,700లోంచి 649 తీస్తే ఖర్చు 2,051. 2,112లోంచి 61 తీసినా 2,051. ఖర్చు నిజమే. వేల మంది ఇంజినీర్లు నిజంగా పనిచేశారు, జీతాలు నిజంగానే అందాయి. అబద్ధమంతా రాబడిలో ఉంది. లేని రాబడికి ఖర్చుండదు కాబట్టి ఆ 588 కోట్లూ చెక్కుచెదరకుండా లాభంలోకి దిగాయి. అలా నూటికి మూడు రూపాయలున్న లాభం ఇరవై నాలుగైంది.

జంటపద్దు విధానంలో ఏ అంకె రాసినా దానికి ఎదురు పద్దు ఉండి తీరాలి. లాభంలో 588 కోట్లు రాస్తే ఆస్తుల్లోనూ 588 కోట్లు ఎక్కడో రాయాలి. మామూలుగా దొంగ లాభం రాసేవాళ్లు దాన్ని రాని బాకీల్లోనో, లేని సరుకు నిల్వలోనో దాచుతారు. ఇక్కడ ఎవరూ శంకించని చోట పెట్టారు, బ్యాంకు ఖాతాలో. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేవని అదే ఉత్తరంలో ఉంది. లేని డిపాజిట్ల మీద రావలసిన వడ్డీగా మరో 376 కోట్లు రాసుకున్నారు.

మరి ఆడిటర్లు చూడలేదా? బ్యాంకు నిల్వను ఆడిటర్ నేరుగా బ్యాంకును అడిగి ధ్రువపరుచుకోవాలి. ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెచ్చివ్వడం కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో తేల్చి, ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలకు 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ సంస్థలు తప్పును ఒప్పుకోకుండా, కాదనకుండా రాజీపడ్డాయి. ఇంత పెద్ద మోసం దాగింది ఇంత చిన్న పనిలో అలసత్వం వల్ల! 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుకు, మరికొందరికి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు. ఉత్తరం బయటపడిన ఒక్కరోజులోనే షేరు ధర మాత్రం నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. ఆ షేరును బంగారంలా దాచుకున్న కుటుంబాలకు ఆ రోజు పోయింది పోయినట్టే.

ఇలాంటి మోసాన్ని ఇంట్లో కూర్చుని పట్టగలమని నేను చెప్పను. అలాంటివి అరుదు. మనకు మామూలుగా ఎదురయ్యే చిన్న గారడీలు పట్టడం మాత్రం మన చేతిలో పనే. లాభనష్టాల పట్టికలో లాభం చూశాక నగదు ప్రవాహ పట్టిక తెరిచి, వ్యాపారం వల్ల నిజంగా చేతికొచ్చిన డబ్బెంతో చూడండి. ఒక ఏడాది తేడా ఉంటే ఉండనివ్వండి. మూడు, నాలుగేళ్లు వరసగా లాభం పెరుగుతూ డబ్బు రాకపోతే ఆ లాభం ఎక్కడో ఇరుక్కుందన్నమాట. అప్పుడు ఆస్తి అప్పుల పట్టికకు వెళ్లండి. అమ్మకాలు పది శాతం పెరిగితే బాకీలు నలభై శాతం ఎందుకు పెరిగాయి? నిల్వ సరుకు ఎందుకు పేరుకుంది? పెద్ద పెద్ద డిపాజిట్లున్నాయంటున్న కంపెనీ చూపిన వడ్డీ ఆదాయం వాటికి తగినట్టుందా? అంత డబ్బుంటే మళ్లీ అప్పెందుకు చేసింది? ఈ కూడికలు, తీసివేతలు బడిలో నేర్చుకున్నవే.

అంకెలు చూసే ఈ వీలు ఒకప్పుడు లేదు. ఈ మద్రాసులోనే 1906లో అర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయి, ఎన్నో కుటుంబాల డిపాజిట్లు మునిగిపోయాయి. ఆ దెబ్బలోంచే మరుసటి ఏడు ఇండియన్ బ్యాంకు పుట్టింది. కూలిన అర్బత్‌నాట్ భాగస్వాముల సంస్థ, లోపల ఏముందో డిపాజిటర్లకు తెలిసే దారి లేదు. ఇప్పుడు ప్రధాన మార్కెట్లో లిస్టయిన ప్రతి కంపెనీ మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటించాల్సిందే. ఆ అంకెలు ఫోనులోనే చూడవచ్చు. చూడకపోతే లోపం మనదే.

చెన్నై కంపెనీల వార్షిక సమావేశాలు ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబరు లోపల జరుగుతాయి. చాలావాటిలో వీడియో ద్వారా పాల్గొనవచ్చు, ప్రశ్న ముందుగానే కంపెనీ సెక్రటరీకి రాసి పంపవచ్చు. భోజనం కూపన్లు, బహుమతి సంచులు పంచే రోజుల్లో సమావేశాలకు జనం నిండుగా వచ్చేవారు, ప్రశ్నలు అడిగేవారు మాత్రం అరుదు. ఈ ఏడాది మీకున్న షేర్లలో ఒక్క కంపెనీని ఎంచుకుని, నివేదిక తెరిచి, లాభం ఎక్కడుందో వెతకండి. కనబడకపోతే రాసి అడగండి. ఒక్క షేరున్నవారికీ ఆ హక్కుంది.