డిగ్రీలో జర్నలిజం తీసుకుంటే ఏమొస్తది?



ఇంటర్ పాసై, దోస్త్‌లో ఏ ఆప్షన్ పెట్టాలో తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది: "అక్కా, మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం తీసుకుంటే ఏమొస్తది?" ఇంట్లో పెద్దోళ్లు ఇంకోటి అడుగుతారు: "దానికి ఉద్యోగం ఉందా బిడ్డా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. నేను ఆ సబ్జెక్టే చదివాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందు చేదు మాట. టీవీలో కనబడొచ్చని మాత్రం ఇందులోకి రావద్దు. మండలాల్లో తిరిగే విలేకరుల్లో చాలామందికి నెల జీతం లేదు. వార్తతో పాటు యాడ్స్ కూడా తెమ్మంటారు. పైన చూస్తే మనోళ్లు కనబడరు. 2019లో న్యూస్‌లాండ్రీ, ఆక్స్‌ఫామ్ ఇండియా కలిసి న్యూస్‌రూముల్లో నిర్ణయాలు తీసుకునే 121 పదవులను లెక్కబెట్టాయి. అందులో 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరు కూడా లేరు.

మరెందుకు చదవాలె?

ఎందుకంటే కమ్యూనికేషన్ అంటే టీవీ ఒక్కటే కాదు. ఎవరికి చెప్తున్నాం, ఏ భాషలో, ఏ దారిలో చెప్తున్నాం, విన్నోళ్లు తిరిగి ఏమన్నారు, ఆ మాట పైకి చేరిందా లేదా? ఈ చదువు అంతా ఇదే. మన ఏజెన్సీలో భూమి నిలబడాలన్నా, పోవాలన్నా చాలాసార్లు ఈ ప్రశ్నల దగ్గరే తేలుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. గనికో, ప్రాజెక్టుకో పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు తెలియజేయాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. పత్రికలు చేరని చోట డప్పు కొట్టించో, రేడియో, టీవీల్లో చెప్పించో జనానికి తెలపాలని కూడా అందులోనే ఉంది. అంటే పేపర్లో వేస్తే చెప్పినట్టు కాదని నిబంధన రాసినోళ్లకు కూడా తెలుసు. మరి మన గూడెంలో డప్పు కొట్టారా? కొడితే ఏ భాషలో చెప్పారు? కోయలో, గోండిలో, కొలామీలో మాట్లాడే అవ్వకు "పర్యావరణ ప్రభావ అంచనా" అంటే ఏందో ఎవరు విడమరిచారు? ఈ ప్రశ్నలు అడగడం వచ్చినోడే నిజంగా కమ్యూనికేషన్ చదివినోడు.

పోడు సంగతి కూడా అంతే. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ మన క్లెయిమ్ తిరస్కరిస్తే సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ తిరస్కరిస్తే జిల్లా కమిటీకి పిటిషన్ పెట్టుకోవచ్చు. గడువు 60 రోజులు. తిరస్కరించిన కాగితం చేతికి రాకపోయినా, వచ్చి అర్థం కాకపోయినా ఆ గడువు కళ్ల ముందే దాటిపోతుంది. అక్కడ భూమి కన్నా ముందు పోయింది సమాచారం.

ఈ దారిలో నడిచినోళ్లు ఇప్పటికే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపారు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో గోండి మాట్లాడేవాళ్లు మామూలు ఫోన్ నుంచే తమ ఊరి సమస్య రికార్డు చేసి చెప్పారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఆ లిపికి ఫోన్లో, కంప్యూటర్లో చోటు దొరికింది. ఆ లిపిలో వార్తలు రాయడానికి, చదివించడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు ఎక్కడ నుంచి వస్తారు?

ఇక ఉద్యోగాల మాట. డిగ్రీ అయ్యాక పీజీ చేయాలనుకుంటే ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఢిల్లీలో 1965లో పెట్టిన ఐఐఎంసీ ఉంది. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉన్నాయి, వాటిని వదలొద్దు. సివిల్స్ రాస్తే ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఉంది. రాష్ట్రంలో సమాచార, పౌర సంబంధాల శాఖ ఉంది. అనువాదం, సబ్‌టైటిల్స్, రేడియో, ఆరోగ్య ప్రచారం, స్వచ్ఛంద సంస్థల్లో పని కూడా దొరుకుతుంది. ఏ డిగ్రీ ఉన్నా రాయగలిగే గ్రూప్స్ పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. టీచర్ కావాలనుకునేవాళ్లు మాత్రం జర్నలిజంతో పాటు ఉండే మిగతా సబ్జెక్టులు బీఈడీకి సరిపోతాయో లేదో ముందే చూసుకోండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు మూడు అడగండి. ఈ సబ్జెక్టుకు పర్మినెంట్ లెక్చరర్ ఉన్నారా? కెమెరా, రికార్డర్ పిల్లల చేతికి ఇస్తారా, బీరువాలో పెడతారా? ఇంటర్న్‌షిప్‌కు ఎక్కడికి పంపిస్తారు? చేరాక తెలుగు టైపింగ్ నేర్చుకోండి. ఇంగ్లీషుకు భయపడకండి, జీవో చదవడానికి అది కావాలె. సమాచార హక్కు దరఖాస్తు రాయడం మొదటి ఏడాదే నేర్చుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, హాస్టల్‌కు పోయాక అమ్మ భాష మర్చిపోవద్దు. ఆ భాష వచ్చిన రిపోర్టర్‌కు గూడెంలో దుబాసీ అక్కర్లేదు. పట్నం నుంచి వచ్చినోళ్లకు ఆ బలం ఉండదు.

పెద్దలకు ఒక మనవి. ప్రతి ఇంట్లో ఈ చదువు చదవాలని నేను అనను. ఒక పంచాయతీకి ఒక్క బిడ్డ చాలు. వచ్చే గ్రామసభలో తీర్మానం గట్టిగా చదివి, మన భాషలో చెప్పి, అందరి మాట రాసుకుని, ఆ తర్వాతే సంతకాలు పెట్టించే బిడ్డ. ఆ బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఆపకండి.

జై ఆదివాసీ!