బ్యాకప్ లేని వీధి

మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు తాతయ్య కిరాణా కొట్టు పోయింది. వెతికితే ఒక్క ఫోటో కూడా లేదు.

ఆ బాధలోనే ప్రాగ్ నగరం గురించి చదివా. అంటోనీన్ లాంగ్‌వైల్ అని, అక్కడ లైబ్రరీలో చిన్న ఉద్యోగి. 1826 నుంచి, 1837లో చనిపోయేదాకా, తన ఊరిని అట్టముక్కలతో 1:480 స్కేల్‌లో కడుతూనే ఉన్నాడు. 2,000కు పైగా ఇళ్లు! కిటికీలతో సహా. అయినా పూర్తికాలేదు.

1890ల్లో మొదలుపెట్టి అక్కడి పాత యూదుల పేటను చాలావరకు కూల్చేశారు. ఆ సందులు ఇప్పుడు నేల మీద లేవు, మ్యూజియంలో ఆ అట్ట నగరంలో ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో రోజూ బ్యాకప్ తీసేవాణ్ణి. మా వీధికి మాత్రం తీయలేదు. మీ చేతిలో ఫోన్ ఉంది కదా, ఈ సాయంత్రమే మీ వీధిని ఈ చివర నుంచి ఆ చివరదాకా షూట్ చేసి దాచుకోండి. ఉంటా మరి!