చేతికీ చదువు కావాలి



1937లో గాంధీజీ ప్రతిపాదించిన వార్ధా విద్యా పథకానికి రూపమిచ్చిన సంఘాధ్యక్షులు డాక్టర్ జాకిర్ హుసేన్. హైదరాబాదులో జన్మించి 1967లో రాష్ట్రపతి అయిన ఆ విద్యావేత్త, ఏడేళ్ల వయసు నుండే మాతృభాషలో, చేతిపని కేంద్రంగా చదువు సాగాలన్నారు.

మన అనంతపురంలో మెకానిక్ షెడ్లలోనూ దర్జీ అంగళ్లలోనూ మనవారి పనితనానికి కొదవ లేదు. అయినా బడిలో చేతిపని అనగానే, "మా బిడ్డను మళ్లీ షెడ్డుకే పంపుతారా?" అని తల్లిదండ్రులు కలవరపడతారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే మేము కోరేది పేదబిడ్డకు కూలి శిక్షణ కాదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ, ఉర్దూ బడికీ తెలుగు బడికీ సమానంగా, ఆలోచించి తయారుచేసే విద్య.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే ఈ నేలలో, మూడవ తరగతి పిల్లలు నిటారు డబ్బాతో, స్కేలుతో వానను కొలవాలి. నీటితొట్టె నమూనాను గీసి కట్టాలి. కారితే కారణం వెదకి మళ్లీ కట్టాలి. అక్కడ కొలత గణితమవుతుంది, కారణం విజ్ఞానమవుతుంది, వివరించి చెప్పడం భాష అవుతుంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య సంఘాలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యులలో సగం స్త్రీలు. తల్లులారా, వచ్చే సమావేశంలో వారానికి ఒక పీరియడు ఇందుకు అడగండి.