మూడువందల నలభై గ్రాములు: రోబోవార్స్‌లో బరువు గొడవ

పోయిన ఎపిసోడ్‌లో లైపో బ్యాటరీల గురించి చెప్పుకున్నాం. అది చూసి ఇద్దరు ముగ్గురు స్టూడెంట్స్ ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న. "సార్, 15 కిలోల కేటగిరీలో 200 గ్రాములు ఎక్కువైతే ఒప్పుకుంటారా?" ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఈ మాట నేను ఇంత తేలిగ్గా చెప్పడానికి ముందు ఒక కథ ఉంది. నాలుగేళ్ల క్రితం అయితే నేనే కాటా దగ్గర నిలబడి "ఒప్పుకోండి సార్" అని బతిమాలాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. రోబోవార్స్ అంటే రెండు రిమోట్ కంట్రోల్ బాట్‌లని ఒక ఎరీనాలో వదిలి కొట్టుకోమనడం. కుస్తీలో, బాక్సింగ్‌లో ఉన్నట్టే ఇందులోనూ వెయిట్ కేటగిరీలు ఉంటాయి. మన కాలేజీ ఫెస్ట్‌లలో ఎక్కువగా కనిపించేవి 8 కిలోలు, 15 కిలోలు. ముంబై ఐఐటీ టెక్‌ఫెస్ట్ లాంటి పెద్ద చోట్ల 60 కిలోలు కూడా ఆడించారు. అమెరికా టీవీలో వచ్చిన బ్యాటిల్‌బాట్స్‌లో అయితే 250 పౌండ్లు, అంటే దాదాపు 113 కిలోలు. ఇటు కిందికి వస్తే పేర్లన్నీ పురుగులవే. యాంట్, బీటిల్ అంటారు. ఇక్కడొక తిరకాసు ఉంది. బ్రిటన్‌లో యాంట్ అంటే 150 గ్రాములు. అదే అమెరికాలో యాంట్ అంటే ఒక పౌండు, 454 గ్రాములు. బీటిల్ వాళ్లకి 1.5 కిలోలు, వీళ్లకి మూడు పౌండ్లు, అంటే 1.36. యూట్యూబ్‌లో ఒక బ్రిటన్ డిజైన్ చూసి ముచ్చటపడి చేసుకుని, అమెరికా రూల్స్ పెట్టిన పోటీకి తీసుకెళ్తే 140 గ్రాములు ఎక్కువ. బీటిల్‌లో 140 గ్రాములంటే చిన్న మాట కాదు, ఒక్కోసారి బ్యాటరీ మొత్తం అంత ఉంటుంది.

సరే, మా కథకి వస్తాను.

అప్పుడు మా పిల్లలు 15 కిలోల డ్రమ్ స్పిన్నర్ చేశారు. కాగితం మీద లెక్క ఎంత ముద్దుగా ఉందో చెప్తాను వినండి. డ్రమ్ము, దాని షాఫ్టు నాలుగున్నర కిలోలు. డ్రమ్ము తిప్పే మోటారు 900 గ్రాములు. చక్రాలు, వాటి మోటార్లు కలిపి 2.4. బ్యాటరీ 1.1. స్పీడ్ కంట్రోలర్లు, రిసీవర్, వైర్లు 700 గ్రాములు. ఫ్రేము, కవచం, పైమూత కలిపి 5.4. కూడండి. సరిగ్గా 15. నేను కూడా చూసి "శభాష్" అన్నాను. ఇందులో ఏం లేదో మీకు తట్టిందా? నాకు తట్టలేదు. నట్లు, బోల్టులు లేవు! ఎమ్6 బోల్టు ఒకటి నట్టుతో కలిపి దాదాపు పది గ్రాములు. మా బాట్‌కి ముప్పై నాలుగో, ముప్పై ఐదో ఉన్నాయి.

ఇంటి దగ్గర తూకం వేయలేదా అని అడుగుతారు. వేశాం. మా ఊళ్లో పాత ఇనుప సామాను కొట్టులో. ఆయన కాటా అరకిలోకి అటూ ఇటూ లెక్కచేయదు, ఆయన వ్యాపారానికి అది చాలు. "పదిహేనే సార్" అన్నాడు. నమ్మి బస్సెక్కాం.

పోటీ దగ్గర డిజిటల్ కాటా మీద పెడితే 15.340. గంటన్నర టైం ఇచ్చారు. నేను అప్పుడు చేసిన వాదన ఇప్పటికీ గుర్తుంది. "సార్, పిల్లలు రాత్రంతా బస్సులో వచ్చారు, రెండు శాతం తేడా, ఏమవుతుంది?" ఆ టేబుల్ దగ్గరున్న కుర్రాడు మర్యాదగానే, "రూల్ సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఇక మావాళ్లు పైమూతకి బెజ్జాలు వేయడం మొదలుపెట్టారు. అది రెండు మిల్లీమీటర్ల ఉక్కు రేకు. అందులో పది మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే పోయేది ఒకటింబావు గ్రాము. 340 గ్రాములు పోవాలంటే 270 పైన బెజ్జాలు కావాలి. హ్యాండ్ డ్రిల్లుతో! అరవై వేసేసరికి గంట అయిపోయింది, పోయింది డెబ్బై నాలుగు గ్రాములు. అప్పుడు మావాడొకడు పక్క స్టాల్ వాళ్ల డిస్‌ప్లే బోర్డు నుంచి మూడు మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు అడిగి తెచ్చాడు. ఉక్కు మూత తీసేసి అది కోసి బిగించారు. కాటా మీద 14.430. అంటే 570 గ్రాములు మిగిలిపోయాయి! వాటితో ఇంకేదైనా గట్టిది పెట్టుకోవచ్చు కదా అనే ఆలోచనకి టైమూ లేదు, బుర్రా లేదు. పాసైపోయాం అని చప్పట్లు కొట్టుకున్నాం. నేనూ కొట్టాను.

యాక్రిలిక్, పాలీకార్బనేట్ చూడటానికి ఒకేలా ఉంటాయి. పాలీకార్బనేట్ వంగుతుంది, యాక్రిలిక్ గాజులా పగులుతుంది. రెండో నిమిషంలో అవతలివాళ్ల డ్రమ్ము మా బాట్‌ని లేపి వెల్లకిలా పడేసింది. మూత ముక్కలైంది. తర్వాతి దెబ్బ బ్యాటరీకి. లైపో అంటుకుంటే ఎలా ఉంటుందో పోయినసారి చెప్పాను, మళ్లీ చెప్పను. ఇసుక బకెట్లు ఉన్నాయి, ఆపారు. కానీ ఆ కంగారులో మా కుర్రాడు ఒకడు ఎరీనాలోకి వెళ్లి బాట్‌ని పట్టుకుని బయటికి లాగాడు. కుడి అరచెయ్యి కాలింది. రాత్రి వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. తిట్టలేదు. "సార్, మీరు పక్కనే ఉన్నారు కదండీ" అన్నారు. అంతే. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత చాలాకాలం నా వాదన ఇదీ: 300 గ్రాములు వదిలేసి ఉంటే ఉక్కు మూత ఉండేది, చెయ్యి కాలేది కాదు. కాబట్టి టాలరెన్స్ ఇవ్వాలి. వినడానికి న్యాయంగానే ఉంది కదా? ఇలాంటి పోటీలు నిర్వహించే మిత్రుడొకాయన ఉన్నాడు, ఆయనతో ఈ విషయం మీద ఎన్నిసార్లు గొడవపడ్డానో. ఆయన అనేదేంటంటే, "నువ్వు ఈ ఏడాది 300 వదలమంటావు. వచ్చే ఏడాది అందరూ 15.3కే డిజైన్ చేసుకొస్తారు, బోల్టులు మర్చిపోయి 15.6 తెస్తారు. అప్పుడూ ఒక మేష్టారు వచ్చి పిల్లలు బస్సులో వచ్చారంటాడు."

2024 పారిస్ ఒలింపిక్స్ మీకు గుర్తుండే ఉంటుంది. వినేశ్ ఫొగాట్ ఫైనల్ రోజు పొద్దున 50 కిలోలకి 100 గ్రాములు ఎక్కువ తూగింది, ఫైనల్ ఆడకుండానే పక్కన పెట్టేశారు. దేశం మొత్తం బాధపడింది, నేనూ బాధపడ్డాను. ఆ రోజు మా స్టాఫ్ రూములో అందరూ "వంద గ్రాములకా" అనేవాళ్లే. కానీ అక్కడ మనిషి శరీరం. నీళ్లు తాగితే పెరుగుతుంది, చెమట పడితే తగ్గుతుంది, ఎంత ప్రయత్నించినా ఒక్కోసారి మాట వినదు. బాట్ అలా కాదుగా. రాత్రి పడుకోబెట్టి పొద్దున లేపితే అంతే బరువు. ఎక్కువ తూగిందంటే అది మన లెక్క తప్పు. వినేశ్‌కి జరిగినదానికి మనకి జరిగినదాన్ని పోల్చుకుంటే ఆమెని చిన్నబుచ్చినట్టే.

టాలరెన్స్ వదిలేశాక నేను ఇంకో ప్రతిపాదన పట్టుకున్నాను. బ్యాటరీ చుట్టూ పెట్టే పెట్టెకి 300 గ్రాముల వరకు బరువు లెక్కలోంచి మినహాయించండి, అప్పుడు ఎవడూ రక్షణని తగ్గించి ఆయుధానికి బరువు పెట్టడు అని. దీనికి మా మిత్రుడు నవ్వి సన్ ఆఫ్ వయాచీ సంగతి చెప్పాడు. 2001లో బ్యాటిల్‌బాట్స్ హెవీవెయిట్ గెలిచిన బాట్ అది. అప్పట్లో చక్రాలు కాకుండా కాళ్లతో నడిచే బాట్‌లకి సగం బరువు అదనంగా ఇచ్చేవారు, నడిచే యంత్రం చేయడం కష్టం కాబట్టి ప్రోత్సాహమన్నమాట. ఈ టీం వాళ్లు నిజంగా అడుగులు వేసే కాళ్లు కాకుండా, నేల మీద గబగబా జరిగే చిన్న చిన్న పాదాలు పెట్టి ఆ బరువు మొత్తం తెచ్చుకున్నారు. ఫైనల్లో బయోహజార్డ్ లాంటి దిగ్గజాన్ని ఓడించారు. మోసం కాదండీ, రూల్‌లో రాసిందే చేశారు. ఆ తర్వాత అలా జరిగే పాదాలకి ఆ అదనం ఇవ్వడం మానేశారు. "నీ బ్యాటరీ పెట్టె కూడా అంతే. మూడోరోజుకి అది కవచం అయిపోతుంది, బాట్ ముందువైపుకి వచ్చేస్తుంది" అన్నాడు. ఒప్పుకోక తప్పలేదు.

ఆలోచిస్తే అసలు తప్పు ఎక్కడుందో తర్వాత కనబడింది. పొద్దున మా బాట్‌కి సేఫ్టీ చెక్ అయింది, అప్పుడు ఉక్కు మూత ఉంది. తర్వాత తూకం. మూత మార్చాక మళ్లీ కాటా మీద పెట్టారు కానీ సేఫ్టీ టేబుల్ దగ్గరికి పంపలేదు. మూత ఏంటని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బరువు కోసం ఏదైనా తీస్తే, మారిస్తే, మళ్లీ మొదటి నుంచి చెక్ చేయాలి. పెద్ద రూల్ కూడా కాదు, ఒక సంతకం. ఇంకొకటి, తూకం ముందురోజు సాయంత్రమే పెట్టండి. గంటన్నరలో తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ యాక్రిలిక్ షీటు లాంటివే.

ఇది సరే. కానీ నాకు 15 కిలోల మీదే అనుమానం వచ్చింది, మొదటిసారి చేసేవాళ్లకి అది ఎందుకు అని. చిన్న లెక్క. నాలుగు కిలోల గట్టి డ్రమ్ము అంచు వేగం సెకనుకి 60 మీటర్లు అనుకోండి. అందులో ఉండే శక్తి 3,600 జౌల్స్. 60 కిలోల మనిషిని రెండంతస్తుల ఎత్తుకి విసిరేంత. అదే 60 కిలోల బాట్‌లో 16 కిలోల డ్రమ్ము అదే వేగంతో తిరిగితే నాలుగింతలు. 1.5 కిలోల బీటిల్‌లో 400 గ్రాముల డ్రమ్ము అయితే 360 జౌల్స్, పదో వంతు. ఆ పదో వంతుకీ వేలు పోతుంది, అది ఆటవస్తువని నేను అనడం లేదు. కానీ ఎరీనా అద్దం ఆ దెబ్బకి నిలబడుతుంది. 15 కిలోలకి కట్టిన ఎరీనాలు కొన్ని నేను చూశాను, ఊడిన బోల్టు తగిలి పాలీకార్బనేట్‌కి చీలిక వస్తే దాని మీద టేపు అంటించి తర్వాతి మ్యాచ్ ఆడించారు. వెనకాల ఫస్ట్ ఇయర్ పిల్లలు నిలబడి వీడియోలు తీసుకుంటున్నారు.

డబ్బు సంగతి కూడా చూడండి. మా 15 కిలోల బాట్‌కి లక్షా ముప్పై వేలు అయింది, రెండు మ్యాచ్‌లు ఆడింది. ఇప్పుడు చేస్తున్న బీటిల్‌కి ముప్పై వేల లోపు. విరిగితే వారంలో మళ్లీ చేసుకోవచ్చు. నేర్చుకునేది విరిగినప్పుడే కదా. అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఎల్ వాళ్లు 3, 12, 30 పౌండ్ల కేటగిరీలు నడుపుతున్నారు, పెద్దదే పధ్నాలుగు కిలోలు దాటదు. వాళ్ల మూడు పౌండ్ల మ్యాచ్‌లు చూడండి, బోర్ కొడితే నన్నడగండి.

మా మిత్రుడు మాత్రం ఇక్కడ ఒప్పుకోడు. "చిన్నవాటిని పెడితే జనం రారు, జనం రాకపోతే స్పాన్సర్ రాడు, స్పాన్సర్ లేకపోతే నీ బీటిల్‌కి కూడా ఎరీనా ఉండదు" అంటాడు. అందులో నిజముంది. అరచేతిలో పట్టే బాట్ వెనక వరసలో ఉన్నవాడికి కనబడదు, పెద్ద స్క్రీన్ పెట్టాలి, కెమెరా పెట్టాలి, అదో ఖర్చు. పైగా చిన్న మోటార్లు మన దగ్గర తొందరగా దొరకవు, తెప్పించుకోవాలి. నా మాట ఏంటంటే 15 కిలోలు తీసెయ్యొద్దు, బీటిల్ ఒక ఏడాది ఆడిన టీంకే దాంట్లో ఎంట్రీ ఇవ్వండి. దీనికి ఆయన "చూద్దాం" అన్నాడు. ఆయన "చూద్దాం" అంటే ఏంటో నాకు తెలుసు. మళ్లీ అడుగుతాను.

మా కొత్త టీంలో ఆ చెయ్యి కాలిన కుర్రాడు కూడా ఉన్నాడు. ఫైనల్ ఇయర్‌కి వచ్చాడు. వాళ్లింట్లోంచి ఒక కిచెన్ కాటా తెచ్చాడు, గ్రాము వరకు చూపిస్తుంది. బాట్‌లోకి వెళ్లే ప్రతి వస్తువునీ ముందు దాని మీద పెట్టి పుస్తకంలో రాస్తున్నాడు. నిన్నటికి 1,462 గ్రాములు, బోల్టులతో సహా. నిన్న జూనియర్ ఒకడు "అన్నా, ఇంకా ముప్పై ఎనిమిది గ్రాములున్నాయి, డ్రమ్ముకి పెడదామా?" అంటే, "హీట్ ష్రింకూ, జిప్ టైలూ రాశావా?" అని అడిగాడు. రాయలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ బీటిల్‌నే టేబుల్ మీద పెట్టి విప్పి చూపిస్తాను.