తాండూరు రైలుబాట – ఒక కీమను పెట్టెలు
(వడ్డెర సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు సవిస్తరముగా ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము రెండు రేకుపెట్టెలు. అవి తాండూరులో రైల్వే గ్యాంగులో చేరి, కీమనుగా పనిచేసి విశ్రాంతి గొన్న మన సంఘసభ్యు లొకరివి. పేరు చెప్పవలదని వారు కోరిరి గావున చెప్పుటలేదు.

ముందు రైలుబాట సంగతి. 1871వ సంవత్సరమున బొంబాయినుండి వచ్చు మార్గమును, మద్రాసునుండి వచ్చు మార్గమును రాయచూరువద్ద కలిసినవి. ఆ మార్గముమీది వాడీనుండి చీల్చి, సేడము, తాండూరు, వికారాబాదులమీదుగా రాజధానివఱకు వేసిన బాట 1874లో తెఱవబడినది. అప్పటి ప్రధానమంత్రి మొదటి సాలార్జంగు. బాట నిజాము రాజ్యముది. నడుపు భారము మొదట జి. ఐ. పి. రైల్వేవారిది. పిమ్మట గ్యారంటీ కంపెనీవారి చేతిలో నుండి, 1930 ఏప్రిలు 1వ తేదీన మరల నిజాము ప్రభుత్వమునకు వచ్చినది. ఆ రైల్వేశాఖయే 1932లో 27 మోటారుబస్సులు కొని రోడ్డుమీదను నడిపినది. 1950లో కేంద్రప్రభుత్వమునకును, 1951లో మధ్య రైల్వేకును, 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణమధ్య రైల్వేకును ఈ బాట చెందినది.

ఇవన్నియు అచ్చుపుస్తకములలో గలవు. దివానుల పేర్లును, కంపెనీల పేర్లును గలవు. తట్ట మోసినవారి పేర్లు మాత్రము వానిలో వెదకిన దొరకవు. దక్షిణదేశమున చెఱువుకట్టలు, రోడ్లు, రైలుకట్టలు వేసినవారిలో మనవారు ముఖ్యులని 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొరగారి గ్రంథమే ఒప్పుకొన్నది. మన్ను పనివారు, ఱాతి పనివారు అని మనలోని రెండు తెగలను గూడ ఆయన వ్రాసెను. అయినను ఆ పుటలలో కులము పేరే గాని మనిషి పేరు లేదు. 1871నాటి నేరస్థజాతుల చట్టము క్రింద కొన్ని సీమలలో మనవారిని పట్టీలలో నెక్కించిరి. ఆ చట్టము 1952లో రద్దయినది. నేరమును మోపుటకు దొరకిన కాగితము, కట్ట వేసినవారి పేరు వ్రాయుటకు దొరకలేదు కాబోలు!

ఇప్పుడు పెట్టెలలోనికి వత్తము. కీమను పని యేమన, ప్రతిదినము తనకు ఏర్పడిన బాటవెంట సుత్తితోను, జెండాలతోను నడచి, వదులైన కీలను బిగించి, పట్టా విఱిగెనేమో చూచి తిరిగివచ్చుట. చూచుటయే వృత్తిగా గలవానికి ఇతరులు చూడనివి కనబడును. రైలుపట్టా నడుము ప్రక్కను అది తయారైన కార్ఖానా పేరును, సంవత్సరమును ఉబ్బెత్తు అక్షరములతో నుండును. బాటనుండి తీసివేసిన పాతపట్టాలు కంచెకు స్తంభములై, షెడ్లకు నిట్రాళ్లై యేండ్లతరబడి నిలిచియుండును. ఈయన ఆ యక్షరములపై కాగితమునుంచి, బొగ్గుతో రుద్ది, అచ్చు తీసికొనెను. ఇంగ్లండు కార్ఖానాల పేర్లు, వానివెనుక టాటావారి పేరు, ఆవల భిలాయి పేరు – ఒక కట్టగా కుట్టియున్నవి. దేశముయొక్క పరిశ్రమచరిత్ర యంతయు ఆ బొగ్గుమరకలలో నున్నదని మా యభిప్రాయము.

అట్టటికెట్లు ఒక డబ్బానిండ నున్నవి. ఈ టికెట్టును కల్పించిన థామస్ ఎడ్మండ్‌సన్ అను నాతడును ఇంగ్లండులో ఒక చిన్న స్టేషనుమాస్టరే. పందొమ్మిదవ శతాబ్దమున ఆతడు చేసిన అట్టముక్క కంప్యూటరు టికెట్టు వచ్చువఱకు మన దేశమున చెల్లినది. నాపబండలు, కందులు బండ్లకెత్తిన రసీదులును కొన్ని గలవు. తాండూరు బండ యే యూరి యింటిలో పఱచిరో తెలియవలెనన్న ఈ రసీదులే దిక్కు. రైల్వేసొత్తును తెచ్చుకొనెనని యెవ్వరును శంకింపవలదు; పాఱవేసినవియు, వేలమున కొన్నవియు తప్ప వారి పెట్టెలో మఱొకటి లేదు. తీయరానిదానిని కలముతో వ్రాసికొనిరి.

అన్నిటికంటె విలువైనవి నోటుపుస్తకములు. ముసలివారిని పలుకరించి, ఏ గ్యాంగులో ఏ యూరివారు పనిచేసిరో, మేస్త్రీ యెవరో, ఏ గుడిసెలలో దిగిరో వ్రాసినారు. పూర్వము కూలి కొలుచు విధమును గూడ వ్రాసిరి. కట్టప్రక్క మన్ను త్రవ్విన గుంతలో నడుమ ఒక మట్టిదిమ్మను విడుతురు. పని ముగిసినపిదప ఆ దిమ్మ యెత్తునుబట్టి లోతు కొలిచి కూలి యిత్తురు. దిమ్మపై నాలుగు తట్టల మన్ను పోసి యెత్తు పెంచిన చతురులును కలరట! అది వ్రాసినందుకు కొందఱు కినిసిరి గాని, మాకది ముచ్చటగనే తోచినది.

ఇవి వేఱొకచోట దొరకునుగదా యని యొక పోషకులు ప్రశ్నించిరి. తాండూరు తాలూకా 1956వఱకు గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనచే హైదరాబాదు జిల్లాకు వచ్చి, 1978లో రంగారెడ్డి జిల్లాలోను, 2016లో వికారాబాదు జిల్లాలోను చేరినది. పైగా పాత కాగితము ఉర్దూలో, పొరుగూరి కాగితము కన్నడములో. ఇన్ని చేతులు మాఱిన యూరి చరిత్ర ఒక్క కచేరీలో దొరకుట యెట్లు?

ఢిల్లీలో 1977నుండి జాతీయ రైలు మ్యూజియము గలదు, అచ్చటికే పంపుదమని మఱికొందఱనిరి. అచ్చట ఇంజనులకు చోటుగలదు. మన తాతల పేర్లున్న నోటుపుస్తకమును తెఱచి చదువువారెవరు? 1846–47 నాటి పోరాటములో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారికి తోడైన వడ్డె ఓబన్నగారికి ఏటేట పూలమాలలు వేయుచున్నాము, వేయవలసినదే. ఆ కట్టమీద తట్ట మోసిన వందలమందికి మాలలు వేయనక్కఱలేదు, పేర్లున్న కాగితమును చెదలకు విడువకున్న చాలును.

ఆ పెద్దల కుమారులు పట్నమునకు మాఱుచున్నారు. వచ్చు వానకాలమునకు లోపల పెట్టెలకు చోటు చూపకున్న పాతయినుము వ్యాపారి చూపును. కావున మా కోరికలు మూడు. వసతిగృహములో కట్టబోవు గదులలో నొకటి తేమలేనిది, తాళము గలది, వీనికై యియ్యవలెను. ప్రతివస్తువునకు తెలుగులో పట్టీ వ్రాసి, నోటుపుస్తకములకు నకలు తీయించి, మూలముపై హక్కు ఆ కుటుంబమునకే యుంచవలెను. ఇందులకగు వ్యయము నిధినుండి గాక, పోషకులే వేఱుగా నొసంగిన బాగు. విద్యార్థుల బియ్యపుసొమ్మును ముట్టుట మా కిష్టము లేదు.

ఉర్దూ రసీదులు చదువగల పెద్దలు ఇద్దఱు, కన్నడము చదువగలవారొకరు కావలెను. సభ ముగిసినపిదప పందిరి తూర్పువైపున కూర్చుండెదము; ఇండ్లలో తాతలనాటి గ్యాంగు కాగితములున్నవారును అచ్చటికే దయచేయుడు.