ఉన్నత పాఠశాల, బస్సు వేళ

మన పల్లెలలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలను గూర్చి రెండు మాటలు మనవి చేయదలచితిని.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సు వరకే ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నొసంగినది. అనగా ఇంచుమించు ఎనిమిదవ తరగతితో ఆ హామీ ముగియుచున్నది. పిల్లలు బడి మానుకొను ప్రమాదము అధికమగుటయు సరిగా అప్పుడే.

ఒక్క సంగతి చూడుడు. పదవ తరగతి పరీక్షలు సమీపించగానే సాయంకాలము ప్రత్యేక తరగతులు పెట్టుదురు. మంచిదే. కాని పొరుగూరినుండి వచ్చు బాలిక, ఆ తరగతి ముగియునప్పటికి ఆఖరు బస్సు తప్పిపోయి, చీకటిలో పొలముల వెంబడి నడువవలసివచ్చి, అందుకు తండ్రి భయపడి చదువే మాన్పించినచో, ఆ దోష మెవరిది? తండ్రిది కాదని నా నిశ్చితాభిప్రాయము. తరగతి వేళను బస్సు వేళతో సరిచూడని ఏర్పాటుదే ఆ దోషము.

మరియొకటి. తొమ్మిదవ తరగతికి వచ్చియు పాఠమును ధారాళముగా చదువలేని పిల్లవాడు సిగ్గుచే వెనుక బల్లపై మౌనముగా కూర్చుండును. వానిని మందలించి ప్రయోజనము లేదు. దినమున కొక గంట, కేవలము చదువుటకే కేటాయింపవలెను.

తల్లిదండ్రులారా, ప్రధానోపాధ్యాయులారా! ఈసారి సమావేశమున మార్కుల పట్టిక తెరచుటకు ముందు పిల్లల నడుగుడు: ఇల్లు చేరుట ఎట్లు? పాఠ మెచ్చట ఆగిపోయినది? వారు చెప్పినదానినిబట్టి తరగతి వేళలు మార్చుడు. అందుకు ధనమక్కరలేదు.