ఇల్లు కట్టు చదువు
(ఉగాది సభలో విద్యార్థుల పక్షమున చేసిన ప్రసంగము)



మా చదువును గురించి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు ఆజ్ఞాపించినారు. మేము అవినాశి ప్రాంతమునుండి వెళ్లి ఆర్కిటెక్చరు చదువుచున్నవారము. "ఇంజనీరు చదువా, మేస్త్రీ పనియా?" అని మా బంధువులే అడుగుచుందురు. రెండును కొంత కొంత కలదు.

ఈ చదువు అయిదేండ్లు. గోడ మోయగల బరువు లెక్కకట్టుట, ఏ నెలలో ఎండ ఏ వైపు పడునో తెలిసికొనుట, గాలికి దారి విడుచుట, పటములు గీయుట, అట్టతో నమూనాలు చేయుట మా నిత్యకృత్యము. కొంతకాలము అనుభవజ్ఞుల వద్ద పని నేర్వవలెను. 1972 నాటి చట్టము ప్రకారము పేరు నమోదైన పిమ్మటనే ఆర్కిటెక్టు అని చెప్పుకొనవచ్చును.

మనవారికి సాంకేతికవిద్య క్రొత్త గాదు. జి.డి. నాయుడుగారి పూనికతో 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ కళాశాల వెలసినది. అవినాశి రోడ్డుపై పి.ఎస్.జి. సాంకేతిక కళాశాల 1951లోను, సి.ఐ.టి. 1956లోను ఏర్పడినవి. యంత్రములలో మనవారు పేరు తెచ్చిరి. ఇండ్ల సంగతి మాత్రము మనము అంతగా తలపెట్టలేదు.

నిరుడు వేసవిలో మాలో ఒకరి తాతగారి తొట్టికట్టు ఇంటిని కొలిచినాము. ఆంధ్రదేశమున దీనినే మండువా యిల్లందురు. దానిని కూల్చి మేడ కట్టవలెనని నాయనగారి తలంపు. మేము టేపు పట్టి తిరుగుచుండగా అవ్వ వెంట నడచి "ఇది తిన్నె, ఇది దూలము, ఇది వాసము, అది చూరు" అని చూపినది. ఇంగ్లీషు పేర్లు మాకు కంఠస్థము. తెలుగు పేర్లలో సగము తెలియవు. సిగ్గుపడి, అవ్వ చెప్పిన పేర్లనే పటముపై వ్రాసినాము. వీధిలో ఎండ మండుచున్నను లోపల చల్లగా నుండెను. మందపు గోడలు వేడిని ఆపును. నడిమి తొట్టి వేడిగాలిని పైకి పంపును. తరగతిలో చదివినది అక్కడ చేతికి తగిలినది.

నాయనగారి మాటలోను న్యాయమున్నది. పెంకులు మార్పించుట ఖర్చు, చెదల బాధ, ముగ్గురు కొడుకులకు చోటు చాలదు. తిన్నెను, తొట్టిని ఉంచి, వెనుకభాగమున మేడ కట్టవచ్చునని పటము గీసి యిచ్చినాము. ఆయన ఇంకను సరే ననలేదు, కాదనియు ననలేదు.

మదురలో తిరుమల నాయకుని మహలు 1636 నాటిది. ఇటుకతో, సున్నముతో కట్టినది. శిథిలమైయుండగా, 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన నేపియర్ దొర బాగుచేయించెను. మహలుకు దొర దొరికెను; మన యిండ్లకు మనమే దిక్కు.

మాలో ఒకరికి చెన్నపట్టణమున ఉద్యోగము, ఒకరికి విదేశములలో పైచదువు, ఇద్దరికి ఇక్కడనే యుండి తిరుప్పూరు కార్మికులకు తక్కువ ఖర్చులో చల్లని యిండ్లు కట్టవలెనని కోరిక. అందరికి కలిసిన కోరిక యొక్కటే: మన పాత యిండ్లను కొలిచి, తెలుగు పేర్లతో పటములు గీసి సంఘమునకు అప్పగించుట.

పెద్దలారా, ఇల్లు కూల్పకమునుపు మాకొక దినము కబురంపుడు. కూలి అక్కరలేదు, కాఫీ చాలును. అవ్వను మాత్రము ఇంటనే యుంచుడు. ఆమె లేనిదే పటము పూర్తి గాదు. అవినాశి యనగా నాశము లేనిది. ఊరికిగల ఆ పేరు మన యిండ్లకును కొంత దక్కుగాక.